అన్నయ్యని అడక్కుండా చూసిన సంబంధం

బెంటన్‌విల్, ఆర్కెన్సా
18 ఫిబ్రవరి 2024

మానవ్ గారికి,

ఈ ఉత్తరం ఎవరో పొరపాటున పంపారనుకోకండి. మీ అమ్మ సుబ్బులు, మా అమ్మ కోటమ్మ ఒక తల్లి బిడ్డలు. నా పేరు నమ్రత. పిన్ని కొడుకు కాబట్టి మీరు నాకు అన్నయ్య అవుతారు. నాకు సొంత అన్నదమ్ములు లేరు.

పిన్ని చనిపోయిందని మాకు ఏడాది దాటాక తెలిసింది. తన పాపని చూసుకోవడానికి పిన్నిని అమెరికా తీసుకొచ్చిన డాక్టరమ్మ బంధువులు ఒంగోలులో ఒక పెళ్లిలో కనిపించి చెప్పారు. మీ అడ్రసు ఇచ్చింది కూడా వాళ్లే. అమ్మ మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఆ మర్నాడు పనికి వెళ్లి, రాయి ముందు కూర్చుని, ఒక్క పలక కూడా కోయకుండా ఇంటికి వచ్చేసింది.

పిన్ని మీ నాన్నగారిని పెళ్లి చేసుకున్నప్పుడు మా తాత, మామయ్యలు ఆమెతో మాటలు మానేశారు. అమెరికా నల్లవాణ్ణి చేసుకుందని. మా ఇంట్లో తెల్లగా ఉన్నవాళ్లు ఎవరూ లేరు. ఎండలో రాయి కొట్టేవాళ్లం ఎక్కణ్ణుంచి తెల్లగా ఉంటాం? అయినా ఆ మాటే అన్నారు. అప్పటికి నేను పుట్టలేదు. పుట్టి ఉంటే ఏం చేసేదాన్నో కూడా తెలియదు.

మా ఇంట్లో బడి మెట్లు ఎక్కింది నేనే మొదలు. ఎమ్మెస్ చేసి, ఇక్కడ ఒక పెద్ద దుకాణాల కంపెనీకి కాంట్రాక్టర్‌గా టెస్టింగ్ పని చేస్తున్నాను. ఈ ఊళ్లో కారు లేకపోతే ఉప్పు ప్యాకెట్ కూడా తెచ్చుకోలేం. నాకు తెలిసినవాళ్లంతా ఆఫీసువాళ్లే. ఇదే దేశంలో నా రక్తం పంచుకున్న మనిషి ఒకరున్నారని తెలిసినప్పటి నుంచీ నా మనసు నిలవడం లేదు.

మీకు తెలుగు వస్తుందో రాదో తెలియదు. రాకపోతే ఎవరితోనైనా చదివించుకోండి. నా ఫోన్ నంబర్ కింద రాశాను.

మీ చెల్లెలు వరసయ్యే
నమ్రత


ఆష్‌బర్న్, వర్జీనియా
16 మార్చి 2024

నమ్రతా,

చెల్లీ అని పిలవొచ్చా? నన్ను మాత్రం మీరు అనకు, నువ్వు అను. మీరు అంటే గుళ్లో ఎవరో అంకుల్‌ని పిలిచినట్టుంది.

నా తెలుగు చూసి నవ్వుకో, పర్లేదు. అమ్మకి చదువు రాదు. అందుకే నాకు రావాలని పట్టు పట్టింది. ప్రతి ఆదివారం గుడి కింద హాల్లో తెలుగు క్లాసుకి రెండు బస్సులు మారి తీసుకెళ్లేది. నాన్న, ఆయన కూడా ఇప్పుడు లేడు, స్కూల్ బస్సు నడిపేవాడు కానీ ఆదివారం ఆయనకి చర్చి. క్లాసులో నాలా ఇంకెవరూ లేరు. పిల్లలు నా జుట్టు పట్టుకుని చూసేవాళ్లు. నేను లోపల 'అ' రాస్తుంటే, అమ్మ కిటికీ అవతల నిలబడి తన అరచేతిలో వేలితో రాసుకునేది. 'ఋ' దగ్గర ఇద్దరం వదిలేశాం.

ఫోన్ చేయమన్నావు. చేయలేను. తెలుగు నోట్లోకి రాగానే అమ్మకి చెప్తున్నట్టు ఉంటుంది. రాస్తే మధ్యలో లేచి వెళ్లి రావచ్చు. ఈ ఉత్తరం వారం నుంచి రాస్తున్నా.

నేను బాగాలేను. 'బాగున్నాను' అని రాద్దామనుకున్నా కానీ మా శనివారం వాళ్లు ఒప్పుకోరు. డాక్టర్ దీన్ని డిప్రెషన్ అంటాడు. డేటా సెంటర్‌లో నా ఉద్యోగం. మెషీన్లు చల్లగా ఉన్నాయో లేదో చూడాలి. పోయిన చలికాలం ఒకరోజు ఆ వరసల మధ్య నిలబడి, ఎటు వెళ్లాలో తెలియక, షిఫ్ట్ అయ్యేదాకా అక్కడే ఉండిపోయాను. ఇప్పుడు లీవ్‌లో ఉన్నా.

శనివారాలు రస్సెల్ బార్బర్ షాప్‌లో మేం కొంతమందిమి కలుస్తాం. అందరం నల్లవాళ్లం, అందరం నాలాంటి మగవాళ్లం. షాప్ మూసేశాక కుర్చీలన్నీ అద్దాలకి వీపు పెట్టేలా తిప్పుతాడు. ఎవరూ తమ మొహం చూసుకోకూడదు. 'ఐయామ్ గుడ్' అన్నవాడు ఆ రోజు నేల మీద జుట్టంతా ఊడవాలి. మొదటి నెలంతా నేనే ఊడ్చాను.

ఎల్లిస్, నేను ఆరేళ్లుగా కలిసి ఉంటున్నాం. తను మిడిల్ స్కూల్లో పిల్లలకి సంగీతం చెప్తాడు. ఆఖరి రోజుల్లో అమ్మకి అన్నం కలిపి పెట్టింది తనే. నా సంగతి అమ్మ ఎప్పుడో పెద్దమ్మకి ఫోన్‌లో చెప్పింది కాబట్టి నేను మళ్లీ మొదట్నుంచి చెప్పక్కర్లేదు. అది నాకెంత తేలికో నీకు తెలియదు. అమ్మ పోయినప్పుడు ఆ నంబర్‌కే చేశాను. ఎవరూ ఎత్తలేదు.

ఇంకో ఉత్తరం రాయి. పెద్దగా రాయి.

మానవ్


బెంటన్‌విల్
28 ఏప్రిల్ 2024

అన్నయ్యా,

నీ ఉత్తరం అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. అరచేతిలో రాసుకునేదన్న చోట 'మళ్లీ చదవ్వే' అంది. మళ్లీ చదివాను. 'మళ్లీ' అంది.

పిన్ని నీకేం చెప్పిందమ్మా అని అడిగాను. 'ఏముంది, వాడి చదువు గురించి, ఉద్యోగం గురించి' అంది. నువ్వు చేసిన నంబర్ మా పక్కింటి వాళ్లది. వాళ్లు ఊరు వదిలి వెళ్లిపోయారు.

ఎల్లిస్ గారిలాంటి రూమ్మేట్ దొరకడం నీ అదృష్టం. నా రూమ్మేట్ దేదీప్య గిన్నెలు సింక్‌లో నానబెట్టి, రెండు రోజుల తర్వాత వాటిని చూసి 'ఇవెవరివే?' అని నన్నే అడుగుతుంది. మొన్న రైస్ కుక్కర్‌లో నూడుల్స్ వండింది. ఆరేళ్లు ఒకే మనిషితో గొడవ లేకుండా ఉన్నావంటే నీకు ఓపిక చాలా ఉన్నట్టే.

డిప్రెషన్ అనే మాట నేను కాలేజీలోనే మొదటిసారి విన్నాను. మా వీధిలో ఒకావిడ ఆర్నెల్లు ఎవరితోనూ మాట్లాడకుండా గోడకేసి కూర్చుంటే, గాలి సోకిందని తాయెత్తు కట్టారు. నేను చదువుకున్నదాన్ని, అలాంటివి నమ్మను. నాకు తోచింది చెప్తాను, ఏమనుకోకు. నీది ఒంటరితనం అన్నయ్యా. అమ్మా నాన్నా లేరు, అక్కచెల్లెళ్లు లేరు. పని నుంచి వస్తే పలకరించే మనిషి ఉండాలి. వేళకి తిను. ఎండలో నడువు. అక్కడ తెలుగువాళ్లు చాలామంది ఉన్నారట కదా, వాళ్లతో కలువు. మిగతాది నేనూ అమ్మా ఆలోచిస్తాం.

నీ ఫోటో ఒకటి పంపు. అమ్మ అడుగుతోంది.

నీ చెల్లెలు
నమ్రత


ఆష్‌బర్న్
6 జూలై 2024

చెల్లీ,

ఎండలో నడిచాను. నీ పేరు చెప్పి నడిచానని ఎల్లిస్‌తో అన్నా. 'నేను రెండేళ్లుగా చెప్తుంటే కదలవు, చెల్లెలు ఒక్కసారి రాస్తే బూట్లు వేసుకున్నావు' అని అలిగాడు.

రూమ్మేట్ అన్నావు, నవ్వొచ్చింది. గుడి ఆంటీల ముందు అమ్మ కూడా అదే మాట అనేది. పర్లేదు, అలాగే అను.

ఇక్కడి తెలుగువాళ్లతో కలవమన్నావు కదా, ఒకటి చెప్తా. తెలుగు క్లాసు పిల్లలతో ప్రతి దీపావళికీ నాటకం వేయించేవాళ్లు. నరకాసురుడు ఎప్పుడూ నేనే. మొదటి రెండేళ్లు అమ్మ మురిసిపోయి నాకు నల్ల బట్టలు కుట్టింది, పెద్ద మీసం అంటించింది. మూడో ఏడు కూడా నా పేరే చదివారు. అమ్మ లేచి, అందరి ముందూ, 'మా వాడు కృష్ణుడు కాకూడదా?' అంది. టీచర్ ఆంటీ నవ్వి, 'మీ బాబుకి ఇది నప్పుతుందమ్మా' అంది. కృష్ణుడు నల్లనివాడే కదా చెల్లీ. అమ్మకి ఆ మాట ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. అక్కడ అననందుకు వారం రోజులు తనని తాను తిట్టుకుంది. మళ్లీ మేం ఆ క్లాసుకి వెళ్లలేదు.

చర్చిలో ఇంకో రకంగా చోటు లేదు నాకు. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. నాన్న మంచివాడు. కానీ నేను ఏడిస్తే రేడియో సౌండ్ పెంచేవాడు. 'బయట నిన్ను ఎలాగూ వదలరు, లోపల మెత్తగా ఉండకు' అనేవాడు. పోయిన శనివారం ఇది చెప్తే రస్సెల్, ఆయనకి అరవై దాటాయి, 'మా నాన్నా అంతే, కానీ మాకు రేడియో లేదు, పాడేవాడు' అన్నాడు. అందరం పడి పడి నవ్వాం. తర్వాత ఆయనే ఏడ్చాడు. ఎవరూ ఏమీ పెంచలేదు.

ఇంతకు ముందు ఇద్దరు థెరపిస్టుల దగ్గరికి వెళ్లాను. ఒకావిడ నా భయాల గురించి అడిగితే, పోలీసు కారు వెనక వస్తే చేతులు వణుకుతాయని చెప్పాను. 'అది మీ ఊహ కావచ్చు' అని రాసుకుంది. ఇప్పుడు వెళ్తున్న ఆయన నల్లవాడే. ఆయన కోసం ఎనిమిది నెలలు ఎదురు చూశాను. ఆయనకి సగం మాటలు చెప్పక్కర్లేదు. మనసు మరీ చీకటైతే ఎవరికి ఫోన్ చేస్తావు, ముగ్గురి పేర్లు చెప్పు అన్నాడు. ఎల్లిస్, రస్సెల్ అన్నాను. మూడో పేరు చాలాకాలం ఖాళీ. పోయిన వారం నీ పేరు చెప్పాను. భయపడకు, రోజూ ఫోన్ చేయను. ఉన్నావని తెలిస్తే చాలు.

అక్టోబర్‌లో అమ్మ పోయిన రోజుకి రా. ఎల్లిస్ గోంగూర చేస్తాడు. అమ్మే నేర్పింది. నువ్వు వచ్చి మా ఇంట్లో కూర్చుని అన్నం తింటే అమ్మ తరఫు వాళ్లు వచ్చినట్టు.

ఫోటో పంపిస్తున్నా. ఎల్లిస్ స్కూల్ కచేరీ రోజుది. ఇద్దరం బాగా వచ్చిన ఫోటో ఇదొక్కటే.

మానవ్


బెంటన్‌విల్
8 సెప్టెంబర్ 2024

అన్నయ్యా,

నువ్వు నన్ను మూడో మనిషిగా చెప్పావని చదివి అన్నం తినలేకపోయాను. అంత మాటకి నేను తగినదాన్ని కావాలి కదా. అందుకే ఈ రెండు నెలలూ ఊరికే కూర్చోలేదు.

అక్టోబర్‌కి టికెట్ బుక్ చేశాను. ఆఫీసులో సెలవు కూడా చెప్పాను. ఇప్పుడు అసలు విషయం. తిట్టకుండా చదువు.

ఇక్కడ బెంటన్‌విల్‌లో ఉమామహేశ్వరి ఆంటీ అని ఉన్నారు. వాట్సాప్ గ్రూప్‌లో సంబంధాలు చూస్తారు. ఆవిడ కుదిర్చిన జంటలు ఈ ఊళ్లోనే పదికి పైగా ఉన్నాయి. అమ్మా నేనూ ఫోన్‌లో మాట్లాడుకుని నీ బయోడేటా తయారు చేశాం. ఉద్యోగం, సొంత అపార్ట్‌మెంట్, తెలుగు చదవడం రాయడం వచ్చు అని రాశాను. ఆంటీ ఆ చివరిది చూసి, 'ఇక్కడ పుట్టినవాడికి తెలుగు రాయడం వచ్చా? ఇది హైలైట్ చెయ్యవే' అన్నారు. నాన్న పేరు దగ్గర అమెరికన్ అని మాత్రమే పెట్టమన్నారు, మిగతాది మాట్లాడుకున్నప్పుడు చెప్పొచ్చట.

నువ్వు పంపిన ఫోటోనే వాడాం. పక్కనున్న ఎల్లిస్ గారిని కత్తిరించాల్సి వచ్చింది, ఆయనకి సారీ చెప్పు. ఆంటీ వాళ్లబ్బాయి నీ మొహం మీద కొంచెం వెలుగు పెంచాడు. మన సంబంధాల ఫోటోలన్నిటికీ చేసేదే. నాకు కూడా మార్కాపురం స్టూడియోలో అలాగే చేశారు. ఆ ఫోటోలో ఉన్నది నేనని నాకే నమ్మకం కలగలేదు, అమ్మ మాత్రం పటం కట్టించి పెట్టుకుంది. నీ ఫోటో కాపీ ఒకటి ఇందులో పెడుతున్నాను. ఎంత బాగున్నావో చూసుకో.

డల్లాస్ నుంచి ఒకరు అడిగారు. నర్సు. మొదటి పెళ్లి విడిపోయింది, పిల్లలు లేరు. పేషెంట్లని చూసుకునే మనిషి కదా, నీ మనసు అర్థం చేసుకుంటుందనిపించింది. నీ జబ్బు సంగతి ఎవరికీ చెప్పలేదు. అదంతా ఒంటరితనమే, పెళ్లయితే సర్దుకుంటుంది అంది అమ్మ.

ఎల్లిస్ గారికి మాత్రం ముందే ఒక మాట చెప్పి ఉంచు. రేపు కుదిరితే ఆయన వేరే ఇల్లు చూసుకోవాలి కదా. ఉన్నపళంగా చెప్తే ఇబ్బంది పడతారు.

వచ్చే నెల కలుద్దాం.

నీ చెల్లెలు
నమ్రత


బెంటన్‌విల్
13 అక్టోబర్ 2024

అన్నయ్యా,

నెల దాటింది. నీ నుంచి ఏమీ రాలేదు. నర్సు నచ్చకపోతే వద్దులే, ఇంకొకళ్లని చూద్దాం. అడక్కుండా చేశానని కోపమా? కోపమైతే కోపమనే రాయి.

వచ్చే శనివారం నేను రావచ్చా? ఒక్క అక్షరం రాసినా చాలు. అమ్మ రోజూ అడుగుతోంది.

నమ్రత


బెంటన్‌విల్
2 నవంబర్ 2024

అన్నయ్యా,

నువ్వు ఇది చదువుతావో లేదో తెలియదు. ఎల్లిస్ గారు, చదివే స్థితిలో ఉన్నప్పుడే ఇస్తానన్నారు.

నా చివరి ఉత్తరానికి రావొద్దని నువ్వు అనలేదు, రమ్మనీ అనలేదు. బయలుదేరే ముందు మీ ఇంటికి ఫోన్ చేశాను. నంబర్ కోసం, కచేరీ ఫోటోలో పేరు చూసి, ఎల్లిస్ గారి స్కూల్‌కి ఫోన్ చేసి బతిమాలాను. ఆయన ఎత్తారు. నేను పేరు చెప్పాను. తర్వాత నెమ్మదిగా అన్నారు: 'మానవ్ హాస్పిటల్‌లో ఉన్నాడు. క్షేమంగా ఉన్నాడు. తనని తాను నమ్మలేకపోతున్నానని, తీసుకెళ్లమని తనే నన్ను అడిగాడు. ఇదొక్కటీ గుర్తుపెట్టుకో. తనే అడిగాడు.'

నేను ఏడుస్తూ, ఏమైందండీ, నా ఉత్తరం అందలేదా అన్నాను.

'అందింది. తెలుగు నాకు రాదు. అది చదివి కిచెన్ నేల మీద కూర్చున్నాడు. ఏం రాసిందని అడిగితే చెప్పలేదు. నువ్వు చెప్పు, ఏం రాశావు?'

అన్నీ చెప్పాను. బయోడేటా, నర్సు, ఫోటో, ఆయన్ని కత్తిరించడం, ఇల్లు ఖాళీ చేయమనడం. ఇంగ్లీషులో చెప్తుంటే ఒక్కో మాట ఇంకా వికారంగా వినపడింది.

'నమ్రతా, నేను ఎవరనుకున్నావు?' అన్నారు.

'రూమ్మేట్' అన్నాను.

'ఆరేళ్లుగా అతని చొక్కాలు ఇస్త్రీ చేసి, అతను పీడకలలో అరిస్తే లేపి నీళ్లిచ్చి, అతని తల్లికి స్నానం చేయించిన రూమ్మేట్‌ని' అన్నారు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

ఫోన్ పెట్టేశాక నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని చదివాను. ప్రతి దాన్లోనూ నువ్వు చెప్పావు. 'ఇద్దరం బాగా వచ్చిన ఫోటో ఇదొక్కటే' అన్నావు. అందులోంచి ఒకరిని కోసేశాను. మిగిలిన నిన్ను తెల్లగా చేశాను. నల్లవాణ్ణి చేసుకుందని పిన్నితో మాటలు మానేసిన వాళ్లని మొదటి ఉత్తరంలో నేనే తప్పు పట్టాను కదా. వాళ్లు పిన్నిని వద్దన్నారు. నేను నిన్ను కావాలంటూనే అదే పని చేశాను.

నాకు చదువు వచ్చని గర్వం అన్నయ్యా. ముందే తెలుసనుకున్నది తప్ప ఏదీ చదవలేదు.

విమానం టికెట్ రద్దు చేశాను. ఎల్లిస్ గారు ఇప్పుడు వద్దన్నారు.

నమ్రత


బెంటన్‌విల్
12 జనవరి 2025

అన్నయ్యా,

ఇంటికి వచ్చావని ఎల్లిస్ గారు నవంబర్‌లోనే మెసేజ్ పెట్టారు. అంతకన్నా ఏమీ రాయలేదు. అది చాలు.

ఒక విషయం దాచితే మళ్లీ మోసం చేసినట్టవుతుందని రాస్తున్నాను.

అమ్మని నిలదీశాను. పిన్ని నిజంగా చదువు, ఉద్యోగం గురించే చెప్పిందా అని. మొదట మాట మార్చింది. తర్వాత, 'నాకు తెలుసే' అంది.

ఎనిమిదేళ్ల కిందట పక్కింటి ఫోన్‌కి పిన్ని చేసిందట. 'అక్కా, మా వాడు ఆడపిల్లని చేసుకోడంట. నాతో చెప్పి ఏడ్చాడు. వాడి ముందు నవ్వాను. ఇప్పుడు ఏడుపు ఆగట్లేదు. నేనెవరితో చెప్పుకోనక్కా?' అందట. అమ్మ ఏమందో తెలుసా? 'ఇంకెప్పుడూ ఈ మాట నా చెవిన వెయ్యొద్దు' అని పెట్టేసింది. పిన్ని మళ్లీ ఫోన్ చేయలేదు. తాత వల్లా మామయ్యల వల్లా కాదు, ఆ పూటతో వాళ్లిద్దరికీ మాటలు పోయాయి. అందుకే పిన్ని పోయినా మాకు తెలియలేదు.

మరి నాతో కలిసి బయోడేటా ఎందుకు రాయించావమ్మా అన్నాను. 'పెళ్లయితే మారతాడేమో, చెల్లెలికి చేయలేనిది వాడికైనా చేద్దామనుకున్నా' అంది. నేను ఫోన్ కట్ చేశాను. మా అమ్మతో అలా చేయడం ఇదే మొదలు. తర్వాత తనే చేసి, లైన్లో ఉండిపోయింది. ఫ్యాక్టరీలో రాయి కోసే చప్పుడు మాత్రం వినపడింది.

నీకు నిజం తెలియాలనిపించింది.

నమ్రత


ఆష్‌బర్న్
29 మార్చి 2025

నమ్రతా,

హాస్పిటల్‌లో రెండు వారాలు, తర్వాత పగటిపూట ప్రోగ్రామ్‌కి కొన్ని నెలలు వెళ్లాను. కొత్త మందు వేసుకుంటున్నా. నోరు ఎండిపోతుంది కానీ ఉదయం లేస్తున్నా. శనివారం వాళ్లు వంతులు వేసుకుని వచ్చి కూర్చున్నారు, ఎల్లిస్ స్కూల్‌కి వెళ్లాలి కదా. రస్సెల్ వచ్చిన రోజు నా తల గొరిగాడు. మాట్లాడకుండా గొరిగాడు. ఆయన చెయ్యి నెత్తి మీద ఉంటే, చాలా రోజుల తర్వాత నిద్రొచ్చింది.

నీ ఉత్తరం వల్ల నాకు జబ్బు రాలేదు. ఇది సరిగా అర్థం చేసుకో, నీ మీద వేసుకోకు. ఇది నీకన్నా ముందు నుంచీ ఉంది. కానీ ఆ నెల నేను పట్టుకోడానికి ఉన్నవే తక్కువ. అందులో నువ్వొకటి. అది జారింది.

నువ్వు తెల్లగా చేసి పంపిన ఫోటోలో ఉన్నవాణ్ణి నేను చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. గుళ్లో అందరికీ కావాల్సింది వాడే. అమ్మ నన్ను తీసుకుని లేచి వచ్చేసింది వాడి దగ్గర్నుంచే. వాడు మళ్లీ మా ఇంటికి వచ్చాడు, అమ్మ వాళ్ల ఇంటి నుంచి.

దానికన్నా జనవరి ఉత్తరం ఎక్కువ కష్టంగా ఉంది. అమ్మ నాకు వేరేగా చెప్పింది. ఆ రోజు ఫోన్ పెట్టేసి, మొహం కడుక్కుని వచ్చి, 'మా అక్కకి చెప్పాన్రా. దానికేముంది, వాడు సుఖంగా ఉంటే చాలు అంది' అంది. ఇంట్లో మగవాళ్లు వింటే గొడవని మళ్లీ ఫోన్ చేయట్లేదంది. నేను నమ్మాను. అందుకే నీకేదీ విడమరిచి చెప్పలేదు. ఎక్కడో నాకు ఒక పెద్దమ్మ ఉంది, ఆవిడకి తెలుసు, అయినా పర్లేదంది అనుకుంటూ ఎనిమిదేళ్లు ఉన్నాను. గుడి, చర్చి రెండూ పోయినా అదొకటి ఉందనుకున్నా. ఇప్పుడు అదీ లేదు. నువ్వు నిజం చెప్పావు. చెప్పనా అని నన్ను అడిగి ఉంటే, వద్దనేవాణ్ణి.

అమ్మ ఒక్కతే ఎంత మోసిందో ఇప్పుడు తెలుస్తోంది. నా ముందు నవ్వి, అక్కడ ఏడ్చి, మళ్లీ వచ్చి నవ్వింది. మా శనివారం వాళ్లయితే ఆమెతో జుట్టు ఊడ్పించేవాళ్లు.

పెద్దమ్మ మీద కోపం లేదంటే అబద్ధం. ఉంది.

థెరపిస్ట్‌తో కూర్చుని మూడో పేరు మార్చాను. ఇప్పుడు అక్కడ ఎల్లిస్ వాళ్లక్క ఉంది. నీకు శిక్ష వేద్దామని కాదు. చీకట్లో ఫోన్ చేసేటప్పుడు అవతల ఎవరేమంటారోనన్న భయం ఉండకూడదు, అంతే. ఇప్పట్లో నువ్వు రావొద్దు. ఫోన్ వద్దు. ఉత్తరం రాయొద్దని అనను, కానీ జవాబు కోసం చూడకు.

మానవ్


బెంటన్‌విల్
4 మే 2025

అన్నయ్యా,

నువ్వు లేస్తున్నావని చదివాను. ఆ వాక్యం చాలాసార్లు చదివాను. జవాబు కోసం చూడను.

నిన్న ఒకరింట్లో పాప పుట్టినరోజు. వంటగదిలో ఉమామహేశ్వరి ఆంటీ పూరీలు వేయిస్తూ, అందరి ముందూ, 'ఏమ్మా, మీ వర్జీనియా అన్నయ్య సంగతి తేల్చవే? డల్లాస్ వాళ్లు ఇంకా అడుగుతున్నారు' అన్నారు. నా నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. మా అన్నయ్యకి ఇల్లు ఉంది, ఎల్లిస్ ఉన్నారు అని గట్టిగా అనాలని. అంటే నా బరువు దిగేది, అందరూ నన్నే చూసేవాళ్లు. అప్పుడు తట్టింది, మళ్లీ నిన్ను అడక్కుండా నీ గురించి చెప్పబోతున్నానని.

'ఆ బయోడేటా తీసేయండి ఆంటీ. ఆయన్ని అడక్కుండా నేను పెట్టాను' అన్నాను.

'ఇదేం చోద్యమే? అడగడమేంటి, పెద్దవాళ్లం చూస్తాం, వాళ్లు చేసుకుంటారు. ఏదైనా లోపం ఉందా ఏంటి?'

'లోపం నాది. ఫోటో కూడా అందరి ఫోన్లలోంచి తీయించండి.'

'రేపు నీకు చూడాల్సింది కూడా నేనేనమ్మా, కాస్త తగ్గు' అన్నారు. ఎవరో నవ్వారు. దేదీప్య నా చేతిలోంచి గరిటె తీసుకుని, నన్ను బయటికి పంపించింది. ఆంటీ ఆ రాత్రికి తీసేశారు. ఎంతమంది దాచుకున్నారో తెలియదు, దాన్ని నేను వెనక్కి తేలేను.

అమ్మ నీతో మాట్లాడాలంటోంది. కుదరదని చెప్పాను. ఎందుకని అడిగింది. ఆయనకి కోపంగా ఉంది, అది ఆయన ఇష్టం, నువ్వు ఆగాలి అన్నాను. 'ఎన్నాళ్లు?' అంది. తెలియదన్నాను. 'మా చెల్లెలు కూడా ఇట్లాగే ఆగి ఉంటుంది' అని ఏడ్చింది. నేను ఫోన్ పెట్టేయలేదు, ఓదార్చనూ లేదు.

ఇన్ని ఉత్తరాల్లో నేను నీకు సలహాలు రాశాను, సంబంధం రాశాను, చివరికి నిజం కూడా రాశాను. నువ్వూ ఎల్లిస్ గారూ ఎలా కలిశారు, ఆయన ఏం వాయిస్తారు, పిన్ని ఆయన్ని ఏమని పిలిచేది, ఇవేవీ అడగలేదు. ఇప్పుడు అడిగే హక్కు లేదు. ఎప్పుడైనా ఎవరితోనైనా నీకు చెప్పాలనిపిస్తే, ఆ మనిషి ఆగి వినేవాళ్లు కావాలని కోరుకుంటున్నాను.

నీ చెల్లెలు అని రాసి కొట్టేశాను. ఆ మాట నువ్వు ఇచ్చింది. మళ్లీ నువ్వంటేనే రాస్తాను.

నమ్రత